ఇంట్లో త్రీ ఫేజ్ ఉంటే కారుకు చార్జింగ్ వేగంగా ఎక్కుతుందా?

శ్రీకాకుళం, విజయనగరం టౌన్లలో ఈమధ్య కట్టిన రెండంతస్తుల ఇళ్లలో త్రీ ఫేజ్ మీటరు, అంటే మూడు విడి తీగల మీద కరెంటు వచ్చే కనెక్షన్, మామూలైపోయింది. రెండు మూడు ఏసీలు, గీజరు, బోరు మోటారు కలిస్తే సింగిల్ ఫేజ్ చాలదు మరి. అలాంటి ఇంట్లో ఎలక్ట్రిక్ కారు మాట రాగానే ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది: "మనకు త్రీ ఫేజ్ ఉంది కదా, చార్జింగ్‌కి టెన్షనెందుకు?" ఈ ధీమా సగమే నిజం. త్రీ ఫేజ్ వల్ల కారుకు మేలుంది గానీ, జనం అనుకునే చోట లేదు. వేగం కోసం చూసేవాళ్లలో చాలామందికి నిరాశే మిగులుతుంది. ఇంటి వైరింగు, వీధి ట్రాన్స్‌ఫార్మరు ఎంత బరువు మోస్తున్నాయో చూస్తే మాత్రం దాని విలువ తెలుస్తుంది.

గోడకు బిగించే డబ్బాను అందరూ చార్జర్ అంటారు. నిజానికి ఇంట్లో వాడే ఏసీ చార్జింగ్‌లో అసలు చార్జర్ కారు లోపలే ఉంటుంది. బ్యాటరీకి కావాల్సింది డీసీ (డైరెక్ట్ కరెంటు), ఇంటికొచ్చేది ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు). ఆ మార్పిడి చేసేది కారులోని ఆన్‌బోర్డ్ చార్జర్. గోడమీది డబ్బా పని చిన్నది: ఎర్త్ సరిగా ఉందో లేదో చూసుకుంటుంది, ఎన్ని ఆంపియర్ల దాకా లాగొచ్చో కారుకు చెబుతుంది, లోపలి కాంటాక్టరు స్విచ్ కలిపి కరెంటు వదులుతుంది, తేడా వస్తే కట్ చేస్తుంది. ఆ పరిమితిలో ఎంత లాగాలో తేల్చుకునేది కారే. గోడకు 22 కిలోవాట్ల డబ్బా తగిలించినా, 7.2 కిలోవాట్ల ఆన్‌బోర్డ్ చార్జర్ ఉన్న కారు 7.2 దగ్గరే ఆగుతుంది. అదీ ఒక్క ఫేజు మీదే లాగుతుంది. మిగతా రెండు ఫేజులూ డబ్బా దాకా వచ్చి ఊరికే ఉంటాయి.

మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే ఎలక్ట్రిక్ కార్లు ఈ కోవలోవే. టాటా టియాగో ఈవీకి 3.3 కిలోవాట్లు మామూలు, 7.2 ఎంపిక. నెక్సాన్ ఈవీ, ఎంజీ విండ్సర్ లాంటివి ఏడు కిలోవాట్ల చిల్లర తరగతి, అన్నీ సింగిల్ ఫేజే. మూడు ఫేజుల నుంచీ తీసుకోగలిగే కార్లు వేరే: హ్యుండయ్ క్రెటా ఎలక్ట్రిక్‌కు 11 కిలోవాట్లు, మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈలకు 11.2 కిలోవాట్ల ఎంపిక ఉంది. అయోనిక్ 5, కియా ఈవీ6 కూడా ఆ వరుసలోవే. షోరూములో ఎవర్నీ అడగకుండా తెలుసుకోవాలంటే కారు చార్జింగ్ మూత తీసి సాకెట్లోకి చూడొచ్చు. టైప్ 2 సాకెట్‌కు ఏడు రంధ్రాలుంటాయి. పైన చిన్నవి రెండు, మధ్య వరుసలో మూడు, కింద రెండు. మధ్య వరుసలో ఒక ఫేజు, ఎర్త్, న్యూట్రల్ (కరెంటు వెనక్కి వెళ్లే తీగ). కింది రెండూ రెండో ఫేజు, మూడో ఫేజు. సింగిల్ ఫేజ్ కార్లలో కొన్నింటికి ఆ కింది రెండు రంధ్రాల్లో లోహపు పిన్నే ఉండదు. లోపల పిన్ను లేని చోటికి బయట ఎన్ని ఫేజులు తెచ్చి ఏం లాభం?

వేగం అసలు ఎవరికి కావాలన్నది తర్వాతి ప్రశ్న. రోజూ శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వెళ్లొచ్చే ఉద్యోగికి పోనూ రానూ 45 కిలోమీటర్లు అనుకుందాం. చార్జింగ్‌లో వేడిగా పోయే కరెంటును కూడా కలిపి, మీటరు దగ్గర యూనిట్‌కు 6 కిలోమీటర్లని లెక్క వేస్తే రోజుకు ఏడెనిమిది యూనిట్లు. మామూలు 15 ఆంపియర్ల సాకెట్ నుంచి 3.3 కిలోవాట్ల చొప్పున రెండున్నర గంటల్లోపు ఎక్కేస్తుంది. రాత్రి భోజనమయ్యాక చార్జింగ్ గన్ను పెడితే నడిరాత్రికి ముందే పని అయిపోతుంది. ఇలాంటి ఇంటికి 11 కిలోవాట్ల ఏర్పాటు డబ్బు దండగ. శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లి వచ్చిన రోజు కథ వేరు. రానూపోనూ 220 కిలోమీటర్లు, అంటే 37 యూనిట్ల దాకా కావాలి. 3.3 కిలోవాట్ల మీద పదకొండు గంటలు, 7.2 మీద అయిదు గంటల పైచిలుకు, 11 మీద మూడున్నర గంటల లోపు. రాత్రి పదింటికి వచ్చి తెల్లారి ఆరింటికి మళ్లీ బయల్దేరాలంటే 3.3 చాలదు, 7.2 చాలు. ఇంట్లో రెండు కార్లు ఉండి, రెండూ రోజూ దూరాలు తిరిగితే తప్ప 11 అవసరమయ్యే ఇల్లు ఈ జిల్లాల్లో అరుదే.

మరి త్రీ ఫేజ్ వల్ల లాభమేంటి? ఇక్కడ ఇంటి గేటు దాటి వీధిలోకి రావాలి. పల్లెల్లోనూ, టౌన్ శివార్లలోనూ 25 కేవీఏ త్రీ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్లు కనిపిస్తుంటాయి. 25 కేవీఏ అంటే ఒక్కో ఫేజు మీద 33 ఆంపియర్లు. ఇప్పుడు 7.2 కిలోవాట్ల కారు ఒకే ఫేజు మీద 32 ఆంపియర్లు లాగుతుంది. అంటే ఆ ఫేజు మీదున్న ఇళ్లన్నింటి వాటానూ ఒక్క కారే తీసేసుకున్నట్టు. అదే 11 కిలోవాట్ల కారయితే మూడు ఫేజుల మీదా 16 ఆంపియర్ల చొప్పున పంచుకుంటుంది. ఎక్కువ కరెంటు లాగే కారు వల్ల ట్రాన్స్‌ఫార్మరుకు తక్కువ ఇబ్బంది, తక్కువ లాగే కారు వల్ల ఎక్కువ ఇబ్బంది. వినడానికి తిరకాసుగా ఉన్నా లెక్క అంతే. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి, వీధిలో ఏసీలన్నీ నడుస్తున్న వేళ, ఈ 32 ఆంపియర్లు తోడైతే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆ ఫేజు ఫ్యూజు పోతుంది. లైన్‌మన్ వచ్చి వేసేదాకా వీధిలో మూడోవంతు ఇళ్లు చీకట్లోనే. టౌన్ మధ్యలో 100, 160 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లున్న చోట ఒక్క కారుకు ఇంత గొడవ ఉండదు. పది కార్లొస్తే అక్కడా ఇదే లెక్క.

ఈ ఫేజు పోవడం దగ్గరే మన ఇళ్ల అలవాటు ఒకటి అడ్డొస్తుంది. త్రీ ఫేజ్ ఉన్న ఇళ్లలో మెయిన్ బోర్డు పక్కన ఫేజ్ సెలెక్టర్ స్విచ్ ఉంటుంది. ఒక ఫేజు పోయినా, వోల్టేజి పడిపోయినా దాన్ని తిప్పి ఇంకో ఫేజుకు మారిపోతారు. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ దాకా ఇది ఎంతో తెలివైన ఏర్పాటు. కారు డబ్బాకు వెళ్లే వైరును కూడా ఆ సెలెక్టర్ తర్వాత నుంచి తీస్తే మాత్రం చిక్కు మొదలవుతుంది. రాత్రి ఒక ఫేజు పోయింది, ఇంట్లో పెద్దాయన లేచి స్విచ్ తిప్పారు. రెండు ఏసీలు ఉన్న ఫేజు మీదికి కారు 32 ఆంపియర్లు కూడా వచ్చి పడ్డాయి. లోడు మించితే కరెంటు ఆపే ఎంసీబీ కొట్టేస్తే అదృష్టమే. పాత సెలెక్టర్ స్విచ్‌ల కాంటాక్టులు గంటల తరబడి అంత కరెంటు మోయడానికి చేసినవి కావు. అవి వేడెక్కి, నల్లబడి, ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చాక గానీ ఎవరూ పట్టించుకోరు. కారు సర్క్యూట్‌ను మీటరు తర్వాత నేరుగా, సొంత ఎంసీబీతో, లీకేజీ వస్తే కట్ చేసే సొంత ఆర్‌సీసీబీతో విడిగా తీయించడం ఒక్కటే దీనికి మందు. ఏ ఫేజు మీద ఏసీలు తక్కువున్నాయో చూసి దాని మీద పెట్టించాలి. ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటరుతో ఒక్క సాయంత్రం కొలిస్తే తెలిసిపోతుంది. ఇంత చిన్న పని కూడా చేయకుండా, చేతికందిన ఫేజుకు కలిపేసి వెళ్లడమే ఎక్కువ.

మూడు ఫేజుల కారు అయితే ఒక ఫేజు పోయినప్పుడు ఏమవుతుందన్నది కారునూ డబ్బానూ బట్టి ఉంటుంది. కొన్ని చార్జింగ్ ఆపేసి ఎర్ర లైటు చూపిస్తాయి, కొన్ని సింగిల్ ఫేజ్‌కు దిగి నెమ్మదిగా కొనసాగుతాయి. తెల్లారి ప్రయాణం ఉన్న రాత్రి ఈ తేడా చిన్నది కాదు, కొనేముందే అడగాలి.

న్యూట్రల్ విషయం ఇంకొంచెం నిదానంగా చూడాలి. మూడు ఫేజుల మీదా లోడు సమానంగా ఉంటే న్యూట్రల్ వైరులో కరెంటు దాదాపు ఉండదు. ఒకటి మరొకదాన్ని రద్దు చేసుకుంటాయి. ఒక ఫేజు మీద కారు 32 ఆంపియర్లు, మిగతా రెండింటి మీద అయిదేసి ఆంపియర్లు ఉంటే న్యూట్రల్‌లో 27 ఆంపియర్లు పారుతుంది. రాత్రంతా, ప్రతి రాత్రీ. ఆ బరువు మోసేది స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరులోని న్యూట్రలూ, దాని జాయింట్లూ. భావనపాడు, కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలికి అల్యూమినియం జాయింట్లు తెల్లగా పొడి కట్టి వదులవుతుంటాయి. ఉద్దానంలో గాలొస్తే కొబ్బరి మట్టలు తీగల మీద పడుతుంటాయి. ఆ వదులైన జాయింటు ఒక రాత్రి తెగిందనుకోండి. ఫేజుకు ఫేజుకు మధ్యనున్న 400 వోల్టులు ఇంట్లోని లోడ్ల మధ్య ఇష్టమొచ్చినట్టు పంచుకుంటాయి. ఎక్కువ లోడున్న ఫేజు మీద వోల్టేజి పడిపోతుంది, తక్కువ లోడున్న ఫేజు మీద 300 దాటిపోతుంది. కారు తన ఫేజు మీద వోల్టేజి పడిపోవడం చూసి చార్జింగ్ ఆపేస్తుంది. కారు క్షేమం. ఆ కొద్దిసేపట్లోనే పక్క ఫేజు మీదున్న టీవీ, ఫ్రిజ్, వైఫై డబ్బా మాడిపోయి ఉంటాయి. కారుకు రక్షణ పెట్టుకోవడం మీదే అందరి దృష్టి ఉంటుంది గానీ, ఇక్కడ రక్షణ కావాల్సింది ఇంటికి. వోల్టేజి హద్దు దాటగానే మెయిన్ కట్ చేసే ఓవర్ వోల్టేజి, అండర్ వోల్టేజి ప్రొటెక్టర్ పెట్టించుకుంటే సరిపోతుంది. ఆర్‌సీసీబీ ఈ పని చేయదు. అది లీకేజీని చూస్తుంది తప్ప వోల్టేజిని కాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు విజయనగరం జిల్లా, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస వైపు విరుచుకుపడినప్పుడు ఉద్దానం, రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. అక్టోబరు, నవంబరు వచ్చిందంటే ఇక్కడివాళ్లకు వాతావరణ కేంద్రం బులెటిన్లే పంచాంగం. ఎలక్ట్రిక్ కారున్న ఇంట్లో హెచ్చరిక రాగానే బ్యాటరీ నిండా ఎక్కించుకుని, గాలి మొదలయ్యే ముందే గన్ను తీసేసి, కారు సర్క్యూట్ ఎంసీబీ దించేయడం పద్ధతి. తుఫాను పోయాక లైనుకు మొదటిసారి కరెంటు వదిలిన గంటలో కారు చార్జింగ్‌కు పెట్టకపోవడం ఇంకా మంచిది. కొత్తగా కట్టిన జంపర్లు (తీగల్ని కలిపే ముక్కలు), తారుమారైన ఫేజులు, సరిగా బిగియని న్యూట్రల్ బయటపడేది అప్పుడే.

ఎర్త్ గురించి కొత్త కారు యజమానులందరికీ ఏదో ఒక అనుభవం ఉంటుంది. గన్ను పెట్టగానే ఎర్త్ ఫాల్ట్ అని చూపించి కారు మొరాయిస్తుంది. ఇంట్లో ఇరవయ్యేళ్లుగా ఫ్రిజ్, గ్రైండర్ నడుస్తున్నాయి, ఎర్త్ లేకపోతే ఎలా నడిచాయని ఎలక్ట్రీషియన్ వాదిస్తాడు. ఎర్త్ లేకపోయినా ఫ్రిజ్ నడుస్తుంది, షాక్ కొట్టే రోజుదాకా. కారు మాత్రం ముందు ఎర్త్ చూసుకున్నాకే కరెంటు తీసుకుంటుంది. పాత ఇళ్లలో సాకెట్ వెనకాల ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేసి పని కానిచ్చేసిన సందర్భాలు తక్కువేం కాదు. కారు కోసం మళ్లీ అదే చిట్కా వేస్తే, న్యూట్రల్ తెగిన రోజున కారు బాడీకే కరెంటు వస్తుంది. విజయనగరం వైపు ఎర్ర గరప నేలల్లో ఎండాకాలం ఎర్త్ గొయ్యి ఎండిపోయి రెసిస్టెన్స్ పెరుగుతుంది. బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోయడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనిచేస్తుంది. కారుకు విడిగా ఒక గొయ్యి తీయించి, ఎర్త్ టెస్టరుతో కొలిపించి అంకె రాసి పెట్టుకోవడం మేలు. చార్జింగ్ సర్క్యూట్‌కు 30 మిల్లీ ఆంపియర్లకు మించని లీకేజీ రక్షణ, అదీ కనీసం టైప్ ఏ రకం, న్యూట్రల్‌తో సహా అన్ని వైర్లనూ తెంచేది ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన. త్రీ ఫేజ్ అయితే నాలుగు పోళ్ల ఆర్‌సీసీబీ. షాపులో చవగ్గా దొరికే టైప్ ఏసీ రకం దీనికి సరిపోదు. ప్యాకెట్ మీద చూసుకుని కొనాలి.

మీటరు మీద రాసి ఉన్న అంకెలు కూడా ఒకసారి టార్చి వేసి చూడాలి. చాలా సింగిల్ ఫేజ్ మీటర్ల మీద 5-30 ఆంపియర్లు అని ఉంటుంది. ఇంట్లో ఫ్యాను కూడా వేయకముందే 7.2 కిలోవాట్ల కారు దాన్ని దాటేస్తుంది. త్రీ ఫేజ్ మీటర్లు ఎక్కువగా ఫేజుకు 10-60 ఆంపియర్ల రకం కాబట్టి ఇక్కడ త్రీ ఫేజ్ ఇంటికి నిజంగానే వెసులుబాటు ఉంది. వైరు లెక్క కూడా అలాంటిదే. మీటరు నుంచి పోర్టికో దాకా 30 మీటర్లుంటే 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీద సింగిల్ ఫేజ్ 32 ఆంపియర్లకు 6 వోల్టుల దాకా పోతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద మూడు ఫేజుల 16 ఆంపియర్లకు ఫేజుకు రెండు వోల్టుల పైన పోతుందంతే. వోల్టేజి ముందే 200కి పడిపోయే లైను చివరి ఇళ్లకు ఆ నాలుగు వోల్టులు కూడా లెక్కే.

బిల్లు దగ్గరికొస్తే ఫేజులతో సంబంధం లేదు, శ్లాబులతోనే. ఇంటి దగ్గర చార్జింగ్‌ను గృహ వినియోగంగానే లెక్కించాలని కేంద్రం చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 టారిఫ్‌తో వచ్చిన గృహ శ్లాబుల ప్రకారం 226 నుంచి 400 యూనిట్ల దాకా యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. నెలకు 250 యూనిట్లు కాలే ఇంటికి కారు వల్ల 200 యూనిట్లు పెరిగితే, ఆ పెరిగినవన్నీ పై రెండు శ్లాబుల్లోనే పడతాయి. 150 యూనిట్లు 8.75 చొప్పున, 50 యూనిట్లు 9.75 చొప్పున, మొత్తం 1,800 రూపాయలు. సర్దుబాటు చార్జీలు, సుంకం దీనికి అదనం. కారు 1,200 కిలోమీటర్లు తిరిగిందనుకుంటే కిలోమీటరుకు రూపాయిన్నర. పెట్రోలు కారుతో పోలిస్తే ఇదీ చవకే. కానీ యూనిట్ అయిదారు రూపాయలు వేసుకుని లెక్కలు కట్టిన వాళ్లకు మొదటి బిల్లు చేదుగానే ఉంటుంది. ఈవీ చార్జింగ్ కేటగిరీకి టారిఫ్‌లో పెట్టిన ధర యూనిట్‌కు 6.70. ఆ లెక్కన అవే 200 యూనిట్లు 1,340 రూపాయలు. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు ఈవీ చార్జింగ్‌కు విడి కనెక్షన్ అడిగే వీలు కల్పించాయి. నెలకు 100 యూనిట్లు కూడా కాల్చని ఇంటికి, రోజూ పది కిలోమీటర్లు తిరిగే కారుకు ఆ రెండో మీటరు అవసరమే లేదు. నెలకు 300 దాటే ఇంటికి, దూరాలు తిరిగే కారుకు ఆలోచించదగ్గదే.

పైకప్పు సోలార్ ఉన్నవాళ్లకు ఈ శ్లాబుల లెక్క తిరగబడుతుంది. మూడు కిలోవాట్ల ప్యానెళ్లు మన ఎండకు నెలకు సుమారు 350 యూనిట్లు ఇస్తాయి, అవి బిల్లులో పై శ్లాబు నుంచే తగ్గుతాయి. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. కారు యూనిట్లన్నీ 9 రూపాయల దగ్గర పడుతున్న ఇంట్లో ప్యానెళ్ల ఖర్చు తిరిగొచ్చే కాలం బాగా తగ్గిపోతుంది.

కాగితాల పనిలో అందరూ దాటేసేది మంజూరైన లోడు. ఇల్లు కట్టినప్పుడు 3 కిలోవాట్లకు సంతకం పెట్టి, తర్వాత ఏసీలు పెంచి, ఇప్పుడు కారు తెచ్చిన ఇళ్లు ఎన్నో. మీటరు గరిష్ఠ డిమాండును రాసి పెట్టుకుంటూనే ఉంటుంది, అదనపు లోడు నోటీసు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. కారు బుక్ చేసిన రోజే లోడు పెంచమని విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టడం మంచిది. ఎందుకంటే వీధి ట్రాన్స్‌ఫార్మరు సంగతి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దృష్టికి వెళ్లేది ఆ దరఖాస్తుతోనే. మంజూరు వచ్చేలోపు కారు వస్తే, డబ్బాలోనో కారు స్క్రీన్ మీదో ఆంపియర్లు తగ్గించుకునే సెట్టింగ్ ఉంటుంది. ప్రమాణం ప్రకారం 6 ఆంపియర్ల దాకా దించొచ్చు. 10 దగ్గర పెట్టుకున్నా రాత్రికి పది పన్నెండు యూనిట్లు సులువుగా ఎక్కుతాయి.

పల్లెల్లో ఇంకో దారి కూడా కొందరికి తడుతుంది: కల్లం దగ్గర వ్యవసాయ మోటారుకు త్రీ ఫేజ్ ఉంది, పగలు తొమ్మిది గంటలు ఉచితం, కారు అక్కడే పెట్టేస్తే పోలా అని. ఆ లైనులో వోల్టేజి మోటార్లు ఆన్ అయినప్పుడల్లా ఊగుతుంది, స్టార్టరు బోర్డులో కారుకు పనికొచ్చే ఎర్త్ ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, ఒక అవసరానికి ఇచ్చిన సర్వీసును ఇంకో అవసరానికి వాడటం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం. వర్తించే టారిఫ్‌కు రెండింతలు కట్టించుకుంటారు.